ఇంటి చదువులో అప్పజెప్పాల్సింది మనమే

మా పాపను బడి మాన్పించి ఇంట్లో చదివించడం మొదలుపెట్టి అప్పటికి పది నెలలైంది. కాజీపేటలో మా ఇంట్లో, హాల్లో చాప మీద కూర్చుని భాగహారాలు చేస్తోంది. మధ్యలో తలెత్తి అడిగింది: "అమ్మా, నీళ్లు తాగనా?"

నీళ్ల బిందె తనకు నాలుగడుగుల దూరంలో ఉంది. తనకు తొమ్మిదేళ్లు. సొంత ఇంట్లో దాహం వేస్తే నీళ్లు తాగడానికి నా పర్మిషన్ అడుగుతోంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బడిలో గంట కొడితేనే లేవడం, గంట కొడితేనే తినడం చూసి బాధపడే కదా పాపను ఇంటికి తెచ్చుకున్నాం! తీరా చూస్తే ఆ గంట నేనే అయి కూర్చున్నాను. పైగా బడికి వెళ్లే పిల్లలకు రోజూ ఏడెనిమిది గంటలు అమ్మ కళ్లకు దూరంగా గడుస్తాయి. టిఫిన్ డబ్బా మూత తామే తీసుకోవాలి, పోయిన పెన్సిల్ తామే వెతుక్కోవాలి, పక్క బెంచీ వాళ్లతో కొట్లాడితే తామే కలిసిపోవాలి. ఇంట్లో చదివే పిల్లలకు ఆ గంటలు లేవు. మనం పనిగట్టుకుని కల్పిస్తే తప్ప రావు.

మన చిన్నప్పుడు ఎక్కాలు, పద్యాలు సారు ముందు నిలబడి అప్పజెప్పేవాళ్లం. ఇంటి చదువులో అప్పజెప్పాల్సింది అమ్మానాన్నలు. ఒక్కో పనిని పిల్లల చేతికి, అందులో జరగబోయే తప్పుతో సహా అప్పజెప్పాలి. ఇప్పుడు పాపకు పన్నెండు, బాబుకు ఎనిమిది. ఈ మూడేళ్లలో మేం చేసి చూసిన పద్ధతి ఇది. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి అడుగు: వారం రోజులు ఊరికే రాసుకోండి

ఏదీ మార్చకండి. ఒక చిన్న నోట్‌బుక్ వంటింట్లో పెట్టుకోండి. పిల్లలు మిమ్మల్ని అడిగిన ప్రతిసారీ, అడగకముందే మీరు చేసేసిన ప్రతిసారీ ఒక ముక్క రాయండి. "ఏ పేజీ అమ్మా?" "రబ్బరేది?" "ఇప్పుడు ఏం చేయాలి?" "చొక్కా ఏది వేసుకోవాలి?" ఇవన్నీ. సిగ్గుపడకుండా రాయండి, ఆ పుస్తకం ఎవరూ చూడరు.

వారం తర్వాత ఒక్కో దాని పక్కన గుర్తు పెట్టండి. వాళ్లకు ఇప్పటికే వచ్చిన పనికి ఒక చుక్క, నేర్పితే వచ్చే పనికి రెండు చుక్కలు, ఇంకా వయసు రాని పనికి సున్నా. నా పుస్తకంలో ఒక్క చుక్క పెట్టినవే సగానికి పైన ఉన్నాయి. బాటిల్ నింపడం, పక్క మడత పెట్టడం, చెప్పులు లోపల పెట్టడం, చదవాల్సిన పేజీ తీయడం లాంటివి. ఇవన్నీ పాపకు వచ్చు. నేను ఆగలేక చేస్తున్నాను, అంతే.

అందులోంచి రెండే రెండు పనులు ఎంచుకోండి. ఉత్సాహం మీద పది పనులు ఒకేసారి అప్పజెబితే మూడో రోజుకు ఇల్లంతా అరుపులే. నెలకు రెండు పనులు చాలు. ఏడాదికి ఇరవై నాలుగు అవుతాయి, అది చిన్న లెక్క కాదు.

రెండో అడుగు: నాలుగు మెట్లు దిగండి

ఏ పనైనా నాలుగు మెట్లలో అప్పజెబుతాం. మొదటిది, నేను చేస్తాను నువ్వు చూడు. రెండోది, ఇద్దరం కలిసి చేద్దాం. మూడోది, నువ్వు చెయ్యి నేను పక్కనే ఉంటాను. నాలుగోది, నువ్వు చెయ్యి నేను వేరే గదిలో ఉంటాను. మనలో చాలామందిమి మొదటి మెట్టు నుంచి నేరుగా నాలుగో మెట్టుకు దూకి, "ఎన్నిసార్లు చెప్పాను?" అని కోప్పడతాం. లేదంటే జీవితాంతం రెండో మెట్టు మీదే కూర్చుంటాం.

పిల్లలు ఒంటరిగా చేయలేనిదీ, పెద్దవాళ్ల చిన్న సాయంతో చేయగలిగేదీ ఒకటి ఉంటుందని, నేర్చుకోవడం అక్కడే జరుగుతుందని వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు వందేళ్ల కిందటే చెప్పాడు. ఆ సాయం కొలిచి ఇవ్వాలి, సమయానికి తీసేయాలి. సెంట్రింగ్ కర్రలు స్లాబు గట్టిపడేదాకా ఉండాలి, గట్టిపడ్డాక తీసేయాలి కదా, అలాగే.

మాకు ఇది బాగా అర్థమైంది సర్వపిండి దగ్గర. మీకు తెలిసిందే: బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి తొక్కు, కరివేపాకు వేసి ముద్ద కలుపుతాం. నూనె రాసిన గిన్నెలో ఆ ముద్దను చేత్తో పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తాం. పాపకు పదేళ్లప్పుడు మూడో మెట్టుకు వచ్చాం. గిన్నె చల్లగా ఉండగా ఒత్తడం తన పని, పొయ్యి మీద పెట్టడం అప్పటికింకా నా పని.

తను ముద్దను గిన్నె మధ్యలో పెట్టి అరచేత్తో నొక్కింది. మధ్యలో మందంగా ఉండిపోయింది, అంచులు కాగితంలా పలచబడ్డాయి. నాకు కనిపిస్తూనే ఉంది. నా చేయి గిన్నె వైపు వెళ్లింది. బలవంతంగా వెనక్కి తీసుకుని చింతపండు గింజలు తీయడం మొదలుపెట్టాను. తను నాలుక బయటపెట్టి, లెక్కపెడుతూ తొమ్మిది చిల్లులు పెట్టింది. ఒక్కో చిల్లులో చెంచా కొసతో నూనె వేసింది. కాలిన తర్వాత చూస్తే అంచులు నల్లబడ్డాయి, మధ్యలో పిండి పిండిగానే ఉంది. తను ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది. "ఈడ పచ్చిగుంది అమ్మా. మధ్యల లావు అయింది" అంది. నేను ఏమీ అనలేదు. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి కదా, ఆ పది నిమిషాలూ తను గిన్నె ముందే కూర్చుంది. ఈసారి ముద్దను మధ్యలోంచి అంచులకు వేళ్లతో తోసుకుంటూ వెళ్లింది. మూడోదానికి చిల్లులు కూడా సమానంగా వచ్చాయి.

నేను మొదటి గిన్నెలోనే చేయి పెట్టి ఉంటే ఆ రోజు మంచి సర్వపిండి తినేవాళ్లం. తనకు మాత్రం ఒత్తడం వచ్చేది కాదు.

కాబట్టి మూడో మెట్టు మీద ఉన్నప్పుడు మీ చేతులకు వేరే పని పెట్టుకోండి. చిక్కుడుకాయ వలవండి, బియ్యం ఏరండి, బట్టలు మడత పెట్టండి. ఖాళీ చేతులతో పక్కన నిలబడితే ఏ అమ్మా ఆగలేదు. నోటికి కూడా ఒక నియమం పెట్టుకోండి: దెబ్బ తగిలే ప్రమాదం ఉంటేనే వెంటనే మాట్లాడాలి. పని చెడిపోయే ప్రమాదం మాత్రమే ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగాలి.

మూడో అడుగు: వయసును చూడండి, పక్కింటి పిల్లల్ని కాదు

నాలుగైదేళ్లకు పిల్లలు తినేసిన కంచం తెచ్చి పెట్టగలరు, పెద్ద గుండీలు పెట్టుకోగలరు, చిక్కుడుకాయలు తుంచగలరు, మొక్కలకు చెంబుతో నీళ్లు పోయగలరు. ఈ వయసులో రాత కోసం తొందరపడకండి. వేళ్లలో బలం రావడానికి పిండి పిసకడం, పూలు గుచ్చడం, మక్క కంకి వలవడం చూచిరాత కంటే మేలు. బతుకమ్మ రోజుల్లో గునుగు పూల కట్టలు కట్టే పనిలో కూర్చోబెట్టండి. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు ఒక చిన్న ముద్ద వాళ్ల చేతికీ ఇవ్వండి. వంకరగా వస్తాయి, రానివ్వండి, నూనెలో వేగాక వాళ్ల సకినం వాళ్లకే పెట్టండి.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య తల స్నానం తప్ప మిగతా తయారీ అంతా సొంతంగా చేసుకోవచ్చు. ఇల్లు ఊడ్చడం, మొద్దుగా ఉన్న చాకుతో అరటిపండు, దోసకాయ కోయడం, గడియారం చూసి టైం చెప్పడం, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు కంఠతా రావడం కూడా ఈ వయసుకే. తొమ్మిది దాటాక మీరు పక్కన ఉండగా స్టవ్ దగ్గరకు రానివ్వండి. కోడిగుడ్డు ఉడకబెట్టడం, ఉప్మా, పచ్చిపులుసు మంచి మొదటి పాఠాలు. పచ్చిపులుసుకు అసలు పొయ్యే అక్కర్లేదు, పైగా పులుపూ ఉప్పూ రుచి చూసి సరిచేసుకోవడం వస్తుంది. ప్రెషర్ కుక్కర్ మూత, కాగిన నూనె మాత్రం ఇంకా కొన్నేళ్లు మీ చేతిలోనే ఉండనివ్వండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదని, రెగ్యులేటర్ ఆపి కిటికీ తెరవాలని స్టవ్ ముట్టుకోకముందే నేర్పండి.

ఒక పిల్లకు ఆరేళ్లకు వచ్చిన పని ఇంకో పిల్లకు ఎనిమిదేళ్లకు రావచ్చు. మా ఇంట్లోనే పాప ఏడేళ్లకు జడ సగం అల్లుకునేది, బాబుకు ఎనిమిదేళ్లొచ్చినా షూ లేసు ఇంకా ముడి పడటం లేదు. పోల్చకండి. అయితే మాట స్పష్టంగా రాకపోవడం, పిలిస్తే పలకకపోవడం, అంతకుముందు వచ్చిన పని రాకుండా పోవడం లాంటివి గమనిస్తే వేచి చూడకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. బడిలో ఉంటే టీచరో, ఆరోగ్య బృందమో ఎవరో ఒకరు కనిపెట్టే అవకాశం ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలకు ఆ కళ్లు కూడా మనవే. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి.

నాలుగో అడుగు: టైంటేబుల్ పిల్లల చేతిలో పెట్టండి

ఇది అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా ఇదే.

ఏడెనిమిదేళ్ల పిల్లలకు వారం ప్లాన్ అందదు, ఒక్క రోజు చాలు. మా బాబుకు ఒక స్టీల్ డబ్బాలో ఐదు చీటీలు వేస్తాను: తెలుగు చదవడం, లెక్కలు, ఒక బొమ్మ, ఒక ఇంటి పని, మొక్కల దగ్గర ఏదైనా ఒకటి చూసి చెప్పడం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాడి ఇష్టం. చీటీ అయిపోతే డబ్బా మూత మీద పెడతాడు. వాడు ఇరవై నిమిషాల కంటే ఎక్కువ ఒక చోట కూర్చోడు, నేను కూర్చోబెట్టను. మధ్యాహ్నానికల్లా చీటీలన్నీ మూత మీదికి వచ్చేస్తాయి. రాని రోజు మిగిలిన చీటీ మర్నాటి డబ్బాలోకి వెళ్తుంది. అంతకంటే శిక్ష లేదు.

పదేళ్లు దాటిన పిల్లలకు వారం నోట్‌బుక్ ఇవ్వండి. ఆదివారం సాయంత్రం పాపా నేనూ చాయ్ తాగుతూ, తనకు పాలు, కూర్చుంటాం. ఈ వారం ఏం చేయాలనుకుంటున్నావో ఐదు రాయమంటాను. నేను రెండు కలుపుతాను, అంతకంటే కలపను. ఏ రోజు ఏది చేయాలో తనే గీతలు గీసుకుంటుంది. శుక్రవారం సాయంత్రం మళ్లీ పుస్తకం తీస్తాం. మొదటి వారం ఏడింటిలో మూడే అయ్యాయి. నా మొహం మాడిపోయింది, తనకది కనిపించింది, ఏడ్చేసింది. ఆ తప్పు నాది. తర్వాతి వారం నుంచి మొహం సంగతి నేను చూసుకుని మూడే ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను: ఏది అయింది? ఏది కాలేదు, ఎందుకు? వచ్చే వారం ఏం మారుస్తావు? "భిన్నాలు మధ్యాహ్నం తిన్న తర్వాత పెట్టుకున్నా, నిద్రొస్తుంది, పొద్దున పెట్టుకుంటా" అని తను చెప్పిన రోజున, భిన్నాల కంటే పెద్ద పాఠమే తనకు వచ్చిందని నాకు అర్థమైంది.

జవాబులు దిద్దే పని కూడా మెల్లగా వదలండి. పుస్తకం చివర ఉన్న జవాబుల పేజీ దాచకండి. చూసి రాస్తారేమోనని భయం సహజమే. మార్కులు, తిట్లు లేని ఇంట్లో చూసి రాయాల్సిన అవసరం పిల్లలకు తక్కువ. దిద్దుకున్న తర్వాత "తప్పు ఎక్కడ జరిగింది?" అని తననే పక్కన ఒక వాక్యం రాయమనండి. చిన్న పిల్లలైతే "ఈ పేజీలో రెండు తప్పులున్నాయి, దొరుకుతాయా చూడు" అంటే చాలు. దొంగను పట్టినంత సంబరంగా వెతుకుతారు.

రోజులో ఒక గంటన్నర ఖాళీ ఉంచండి. పని లేదు, టీవీ లేదు, ఫోన్ లేదు. "బోర్ కొడుతోంది" అని మొదటి రెండు వారాలు మీ కొంగు పట్టుకుని తిరుగుతారు. ఆటవస్తువు ఇచ్చో, ఐడియా ఇచ్చో ఆదుకోకండి. మా బాబు ఆ బోర్‌లోంచే కాజీపేట జంక్షన్ మీదుగా వెళ్లే రైళ్లకు సొంత రిజిస్టర్ మొదలుపెట్టాడు. ఏ కూత ఎన్నింటికి వినిపించింది, నిన్నటికీ ఈ రోజుకీ ఎన్ని నిమిషాలు తేడా. గంటలు, నిమిషాల తీసివేత నేను నేర్పలేదు. ఆట, నిద్ర మాత్రం లెక్కగా ఉండాలి: ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. బడి బస్సు లేదు కదా అని రాత్రి పదకొండు దాకా మేల్కోనిస్తే మర్నాడు ఏ ప్లానూ నిలబడదు.

ఐదో అడుగు: నానమ్మలను పక్కన పెట్టకండి, పనిలోకి దించండి

బాబు తన కంచం తోముతుంటే మా అత్తమ్మ చూసి, "ఏందే బిడ్డా, పసి పోరనితోని గిన్నెలు తోమిపిస్తున్నవ్? ఇంట్ల ఆడోళ్లు లేరా?" అన్నారు. ఆమె మాటలో రెండు విషయాలున్నాయి. పిల్లాడి మీద ప్రేమ ఒకటి, మగపిల్లాడు గిన్నె ముట్టకూడదన్న పాత అలవాటు ఇంకొకటి. రెండో దానితో వాదనకు దిగితే మొదటిది కూడా గాయపడుతుంది. అందుకే వాదించలేదు. "అత్తమ్మా, వీడికి బియ్యం చెరగడం నాకు నేర్పరాదు, మీరు నేర్పుతారా?" అని అడిగాను. మర్నాడు పొద్దున ఇద్దరూ వాకిట్లో చాట పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు కంచం తోమకపోతే వాడిని కేకలేసేది ఆమే.

ఊళ్లో తాతలు, మేనమామలు ఉంటే అది ఇంకా మంచి బడి. మా నాన్నగారు పత్తి, మిర్చి వేస్తారు. సెలవులతో పని లేని పిల్లలు కాబట్టి మిర్చి కోత రోజుల్లో పంపుతాం. తాతతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే లెక్కలు వాటంతట అవే వస్తాయి. క్వింటా ధర చెబితే కిలోకు ఎంత, బస్తాకు ఎంత, కూలీలు, బండి కిరాయి పోతే చేతికి ఎంత. తాత పక్కన నిలబడి పాప ఆ లెక్క కట్టి చెప్పినప్పుడు ఆయన తన లెక్కతో సరిచూసుకుని తల ఊపారట. నేను పెట్టే ఏ పరీక్షా ఆ తల ఊపుకు సాటి రాదు. పొలంలో బావి, మోటారు, పురుగుమందుల డబ్బాల గురించి మాత్రం పంపేముందే తాతతోనూ పిల్లలతోనూ విడివిడిగా మాట్లాడండి. ఈత రాని పిల్లలు పెద్దవాళ్లు లేకుండా బావి గట్టు ఎక్కకూడదు, ఇందులో మినహాయింపు లేదు. వీలైతే వేసవిలో ఈత నేర్పించండి.

అమ్మ కాని వేరే మనుషుల దగ్గర నేర్చుకోవడం ఇంట్లో చదివే పిల్లలకు చాలా అవసరం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం దగ్గర ఒక పూట కూర్చోనివ్వండి. వరంగల్ దర్రీలంటే ఈ జంపఖానాలే, వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆ సంగతి తర్వాత చెప్పొచ్చు. ముందు పడుగు (నిలువు దారం) ఏది, పేక (అడ్డ దారం) ఏది అని అడిగే పని పిల్లలదే కావాలి. వేయి స్తంభాల గుడికో, కోటకో, రామప్పకో వెళ్లినా అంతే. ఎలా వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నది పిల్లలను ప్లాన్ వేయమనండి. రామప్పకు వెళ్లిన రోజు పాప వేసిన ప్లాన్‌లో మధ్యాహ్నం తిండి సంగతి లేదు. బిస్కెట్లతో గడిపాం. తర్వాతి ప్లాన్‌లో పులిహోర మొదటి వరుసలో ఉంది.

ఆరో అడుగు: కాగితాలు కూడా వాళ్లకు చూపించండి

బంధువుల్లో ఎవరో ఒకరు "ఇది చట్టానికి వ్యతిరేకం కదా?" అంటారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య గురించి చెబుతుంది. ఇంటి చదువును అది పేరు పెట్టి అనుమతించలేదు, పేరు పెట్టి నిషేధించనూ లేదు. మళ్లీ బడిలో చేర్చాలనుకుంటే వయసుకు తగిన తరగతిలో చేర్చుకునే ఏర్పాటు అదే చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. జనన ధ్రువపత్రం, ఆధార్, పాత బడి టీసీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

పదో తరగతికి ఎక్కువమంది ఎంచుకునేవి రెండు దారులు: బడికి వెళ్లకుండానే పరీక్ష రాయగలిగే తెలంగాణ ఓపెన్ స్కూల్, అలాంటిదే కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్). రెండింటిలోనూ పదో తరగతికి కనీస వయసు 14 ఏళ్లు, ఇంటర్‌కు 15. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీసం ఐదు సబ్జెక్టులు రాయాలి, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు అవకాశం ఉంటుంది. కాబట్టి పన్నెండేళ్లకే టెన్షన్ పెట్టుకోవద్దు. అయితే పన్నెండేళ్లకు ప్రాస్పెక్టస్ తన చేతికి ఇవ్వండి. ఏ సబ్జెక్టులున్నాయి, ఏ మీడియం, ఫీజు ఎంత అన్నది చదివి మీకు చెప్పమనండి. పాప ఒక కాగితం మీద ఉత్తుత్తి దరఖాస్తు నింపింది. ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఒకలా ఉందని కనిపెట్టింది తనే.

ఏడో అడుగు: గడప దాటించండి

ముందు రక్షణ మాటలు. ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు కంఠతా రావాలి. పిల్లల సాయానికి 1098, ఏ అత్యవసరానికైనా 112. కుక్కలు దగ్గరకొస్తే పరుగెత్తకూడదు, కళ్లలోకి చూడకుండా కదలకుండా నిలబడి మెల్లగా వెనక్కి జరగాలి. కరిచినా, గోరు గీసుకున్నా తిడతారని దాచకూడదు. ఇంటికి రాగానే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి. ఎవరైనా, తెలిసినవాళ్లయినా సరే, ఒంటి మీద చేయి వేస్తే, "ఎవరికీ చెప్పకు" అంటే, అది ముందుగా అమ్మకు చెప్పాల్సిన విషయం. ఇవి ఒకసారి చెబితే చాలవు. నెలకోసారి ఆటలా మళ్లీ అడగాలి.

తర్వాత కిరాణం దుకాణం. మా వీధి చివర ఉంది, మేడ మీద నుంచి కనిపిస్తుంది. బాబుకు ఏడేళ్లప్పుడు మొదటిసారి ఒక్కడినే పంపాం. చేతిలో చీటీ, వంద నోటు. వాడు తిరిగొచ్చి గుప్పిలి తెరిస్తే చిల్లరతో పాటు రెండు చాక్లెట్లు ఉన్నాయి. "రెండు రూపాయలు లెవ్వంటే ఇవి ఇచ్చిండు" అన్నాడు. మొహంలో సంతోషం, వెనకే అనుమానం. నాకు దుకాణం ఆయనకు ఫోన్ చేయాలనిపించింది. ఆగి, "నీకు చాక్లెట్లు కావాలనుకున్నావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి లేదన్నాడు. "మరి ఏం అడగొచ్చు?" అంటే సాయంత్రం దాకా జవాబు రాలేదు. మర్నాడు పెరుగు ప్యాకెట్‌కు వెళ్లినప్పుడు మేడ మీద బట్టలు ఆరేస్తూ చూస్తున్నాను. వాడు కౌంటర్ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి ఏదో చెబుతున్నాడు. ఇంటికొచ్చి, "చాక్లెట్ వద్దంకుల్, రేపు ఇయ్యండి అని చెప్పిన. రాసుకున్నడు" అన్నాడు. మూడో రోజు ఆ రెండు రూపాయలు తెచ్చి గూట్లో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఇక బస్సు. హన్మకొండలో 1904లో మొదలైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే పాత గ్రంథాలయం గురించి చదివినప్పటి నుంచి పాపకు దాని మీద మనసు. తనే వెళ్లి రావాలని ఈ ఏడాది పట్టు పట్టింది. తెలంగాణలో ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి డబ్బుల సమస్య లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ అడగడం నేర్చుకోవాలి, అంతే. అవే నాలుగు మెట్లు. మొదటిసారి నేను తీసుకెళ్లాను. రెండోసారి స్టాపులు తను చెబుతుంటే నేను విన్నాను: నిట్, సుబేదారి, అదాలత్. మూడోసారి నుంచి తను ముందు సీట్లో, నేను వెనక సీట్లో, పరిచయం లేని మనుషుల్లా.

అలా విడిగా కూర్చున్న మొదటి రోజు కండక్టర్ దగ్గరకొచ్చినప్పుడు తన గొంతు బయటకు రాలేదు. కార్డు మాత్రం చాచింది. "ఎక్కడికి?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. నేను లేవబోయి సీటు కడ్డీ పట్టుకున్నాను. మూడోసారి అడగకముందే "చౌరస్తా" అంది.

మొన్న ఒక స్టాపు ముందే దిగేసింది. నేనూ దిగి చాలా వెనకగా నడిచాను. తను పూల కొట్టు దగ్గర ఆగి ఒకామెను దారి అడిగింది, చేయి చూపించిన వైపు తిరిగింది, వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. మేం ఇంకా మూడో మెట్టు మీదే ఉన్నాం. వచ్చే నెల నుంచి నేను కాజీపేట స్టాపులోనే ఉండిపోతానని ఆదివారం నోట్‌బుక్‌లో తనే రాసింది. కింద నా సంతకం కోసం ఒక గీత కూడా గీసి పెట్టింది.